పాలు మాన్పించే నాటి బరువును చూసి మందకు పొట్టేలును ఎంచుకోవడం

నమస్కారం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో నెల్లూరు జాతి గొర్రెలను పెంచేవారు ఈసారి పుట్టిన పొట్టేలు పిల్లల్లో దేనిని మందకు నిలుపుకోవాలో ఫోనులోని ఒక షీటు సాయంతో చూద్దాం. ఈ జాతిలోని పల్ల, జోడిపి, దొర అనే మూడు రకాల్లో మీ మంద ఏదైనా లెక్క ఒకటే.

తెరపై ఉన్న గడులను చూడండి. చెవి ట్యాగు నంబరు, పుట్టిన తేదీ, పుట్టిన బరువు, పాలు మాన్పించే నాటి తేదీ, ఆనాటి బరువు. ఇవి నింపడం మీకు తెలిసిందే కనుక ముందుకు వెళుతున్నాను. తూకానికి మాత్రం నేను వేలాడే కాటానే వాడతాను. దానికి గోనెసంచి తగిలించి పిల్లను అందులో కూర్చోబెడితే కాళ్లు ఆడించదు, ముల్లు కూడా త్వరగా నిలుస్తుంది.

ఇక ఇక్కడ ఆగుదాం. మొదటి ఏడాది నేను మందలో అన్నిటికంటే బరువైన పిల్లను నిలుపుకున్నాను. తీరా తేదీలు తిరగేస్తే అది తక్కినవాటికంటే మూడు వారాలు ముందు పుట్టినది, పైగా తల్లి పాలన్నీ ఒంటరిగా తాగినది. అందుకే బరువును 90 రోజుల వయసుకు సరిచేయాలి. మొదటి వరుసలోని పిల్ల 2.8 కిలోలతో పుట్టి, 98వ రోజున 15.4 కిలోలు తూగింది. పెరిగిన 12.6 కిలోలను 98తో భాగించి, 90తో గుణించి, పుట్టిన బరువును కలిపితే 14.4 వస్తుంది. రెండవది 2.6 కిలోలతో పుట్టి, 80వ రోజున 13.4 తూగింది, అదే లెక్కలో దానికి 14.75 వస్తుంది. కాటా మీద రెండు కిలోలు వెనకబడిన పిల్లే నిజానికి ముందుంది. మళ్లీ చూడండి: పెరిగిన బరువు, భాగించు రోజులు, గుణించు 90, కలుపు పుట్టిన బరువు. సూత్రం ఒక గడిలో రాసి, ఆ గడి మూలను పట్టుకుని కిందికి లాగితే వరుసలన్నీ నిండుతాయి. ఒక్కొక్కటీ టైపు చేయనవసరం లేదు.

కవలలను కవలలతోనే పోల్చండి. తొలి ఈత తల్లికి పాలు తక్కువ కనుక దాని పిల్ల తేలికగా ఉంటే, ఆ లోటును పిల్ల రక్తానికి అంటగట్టకూడదు.

పిల్లల మధ్య ఈ బరువు తేడాలో వంశపారంపర్య భాగం ఐదో వంతు అనుకుందాం. మంద సగటుకంటే 2 కిలోలు ఎక్కువున్న పొట్టేలులో జన్యువుల వల్ల వచ్చినది 400 గ్రాములు. తండ్రి నుంచి పిల్లకు అందేది అందులో సగం, అంటే 200 గ్రాములు. తక్కువే అనిపిస్తుంది, కానీ ఒక ఈత కాలంలో ఆ పొట్టేలుకు 30 పిల్లలు పుడితే అది 6 కిలోలు. తల్లి గొర్రె ఇంతమందిని కనదు కాబట్టే మన శ్రద్ధంతా పొట్టేలు మీద పెడుతున్నాం.

చివరి గడిలో తండ్రి ట్యాగు నంబరు రాయండి. పొట్టేలు తన కూతుళ్లతోనే జతకడితే పుట్టే పిల్లల్లో అంతఃప్రజనన గుణాంకం, అంటే దగ్గరి రక్తసంబంధం వల్ల తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే జన్యువు అందే అవకాశం, 25 శాతం అవుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. అందువల్ల కూతుళ్లు ఎదకు వచ్చేలోపు, అంటే దాదాపు రెండేళ్లకోసారి, పొట్టేలును పక్క ఊరి మందతో మార్చుకోండి. మార్చుకునేటప్పుడు ఈ షీటులోని దాని వరుసను కూడా వారికి పంపండి.