ఇంట్లో పీసీని బయటి నుంచి వాడాలంటే, ముందు రౌటర్‌లో 3389 పోర్ట్ మూసేయండి

[కెమెరా ముందు]

నమస్తే. పీసీ విజయవాడలో ఇంట్లో ఉంది, మీరేమో బెంగళూరులో పీజీలో ఉన్నారు. ట్యాలీ అందులోనే ఉంది, లేదా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషిన్ అదొక్కటే. దాన్ని ఇక్కడి నుంచే తెరవాలి. ఎలా అని వెతికితే "రౌటర్‌లో 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేసేయండి, అయిపోయింది" అనే సలహా తప్పకుండా ఎదురవుతుంది. అంటే బయటి నుంచి వచ్చే పిలుపుకి రౌటర్‌లో ఒక తలుపు తెరిచి, నేరుగా పీసీ వైపు పంపడం. అది మాత్రం చేయకండి. ఎందుకు వద్దంటున్నానో తెలిస్తే, ఏ యాప్ తీసుకోవాలో మీరే తేల్చుకోగలరు.

[తెర మీద: రౌటర్ సెట్టింగ్స్ పేజీ, 3389 మీద ఎర్ర గీత]

3389 అంటే, పీసీని దూరం నుంచి వాడుకోనిచ్చే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ కోసం ఉన్న పోర్ట్. దాన్ని బయటికి తెరిచారంటే మీ లాగిన్ స్క్రీన్ మీకే కాదు, ప్రపంచం మొత్తానికీ అందుబాటులోకి వస్తుంది. "నా పీసీ సంగతి ఎవడికి తెలుసులే" అనుకుంటాం. ఎవడికీ తెలియనక్కర్లేదు. నెట్‌లో మెషిన్లకు ఉండే ఐపీవీ4 అడ్రసులు ఎన్ని ఉన్నా 430 కోట్ల లోపే. మంచి కనెక్షన్ ఉంటే, వాటన్నిటినీ ఒక్క పోర్ట్ మీద తట్టి చూడటం ప్రోగ్రాముకి గంట లోపు పని. ఏ పోర్ట్ ఎక్కడ తెరిచి ఉందో చూపించడానికే షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ 2009 నుంచి ఉంది. పోర్ట్ నంబరు మార్చేస్తే? దొరకడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టాను కదా అంటారా? 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ అడిగే దాకా వెళ్లకుండానే, ఈ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా మెషిన్‌ని చేతుల్లోకి తీసుకోవచ్చు. ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, ఇచ్చిందంటే ఎంత టెన్షన్ పడిందో చూడండి. విండోస్ 10కి ఆ లోపం లేదు, నిజమే. కానీ దాని మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. తర్వాతి లోపం బయటపడేసరికి మీ పీసీకి ప్యాచ్ వస్తుందో రాదో ఆలోచించుకోండి.

ఇంకో తమాషా ఏమిటంటే, చాలామందికి ఈ పోర్ట్ ఫార్వర్డింగ్ అసలు పనే చేయదు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని, అంటే బయటికి కనబడే అడ్రసుని, ఎన్నో ఇళ్లకు కలిపి వాడతాయి. దాన్ని సీజీన్యాట్ అంటారు. రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ దానికి ఇచ్చిన అడ్రసు, 100.64 నుంచి 100.127 మధ్య కనబడితే మీదీ అదే పరిస్థితి. బయటి నుంచి పిలిస్తే మీ ఇంటి దాకా రాదు.

[తెర మీద: రెండు మెషిన్లు, రెండింటి నుంచీ బయటికి వెళ్లే బాణాలు]

అందుకే పిలుపు ఇంటి నుంచే బయటికి వెళ్లే పద్ధతి కావాలి. నా ఓటు టెయిల్‌స్కేల్ అనే యాప్‌కి. వ్యక్తిగత వాడకానికి ఉచితం. ఇంటి పీసీలో, మీ ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, ఆ మూడింటికీ సొంత నెట్‌వర్క్ ఏర్పడుతుంది. లోపల పనిచేసేది వైర్‌గార్డ్. అది విపిఎన్, అంటే నెట్ మీదుగా తాళం వేసిన దారి; 2020 మార్చిలో లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోకే చేరింది. డేటాకి తాళం వేసి తీసే తాళంచెవుల జతని ప్రతి మెషిన్ తనే తయారుచేసుకుంటుంది. రహస్య తాళంచెవి ఆ మెషిన్ దాటదు. కంపెనీ సర్వర్ చేసేది ఎవరు ఎక్కడున్నారో ఒకరికొకరికి చెప్పడం. నేరుగా కలవలేకపోతే డేటా వాళ్ల రిలే, అంటే మధ్యలో అందించే సర్వర్, మీదుగా వెళ్తుంది, కానీ తాళం వేసిన రూపంలోనే. రిలే దాన్ని చదవలేదు.

ఆ నెట్‌వర్క్ లోపల రిమోట్ డెస్క్‌టాప్ హాయిగా వాడుకోండి. మ్యాక్ అయితే స్క్రీన్ షేరింగ్, లినక్స్ అయితే కమాండ్లు టైప్ చేసి నడిపే ఎస్ఎస్‌హెచ్. ఒక్క చిక్కుంది: విండోస్ హోమ్ ఎడిషన్‌కి బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ కాలేరు, ప్రో కావాలి. హోమ్ ఉన్నవాళ్లు దీని కోసం డబ్బులు పెట్టక్కర్లేదు, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వేసుకోండి. రౌటర్ జోలికి పోకుండా పది నిమిషాల్లో పని అయిపోతుంది. కనీసం 6 అంకెల పిన్ అడుగుతుంది, పుట్టినతేదీ పెట్టకండి. అయితే ఇక్కడ అసలు తాళం మీ గూగుల్ ఖాతా. దానికి టూ స్టెప్ వెరిఫికేషన్ లేకపోతే ముందు అది పెట్టండి, ఈ వీడియో తర్వాత చూడొచ్చు. టెయిల్‌స్కేల్‌కి ఏ ఖాతాతో లాగిన్ అయినా ఇదే మాట.

మరి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ యాప్‌లు? అమ్మకో నాన్నకో ప్రింటర్ పనిచేయట్లేదు, ఒక్కసారి చూసి పెట్టాలి అంటే అవి మంచివే. అవతల మనిషి ఉంటాడు, అనుమతిస్తాడు, పని అయ్యాక మూసేస్తాడు. ఎవరూ లేనప్పుడు కూడా తెరుచుకునేలా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ తన సర్వర్లలోకి చొరబాటు జరిగిందని ప్రకటించి, వెబ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేసింది. ఇంకో సంగతి, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి: బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేయమంటే, వెంటనే ఫోన్ పెట్టేయమని. రిజర్వ్ బ్యాంక్ 2019లోనే దీని మీద హెచ్చరించింది. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి.

[తెర మీద: టెయిల్‌స్కేల్ సెట్టింగ్స్]

ఇప్పుడు ఊరు వదిలే ముందు చేయాల్సినవి. వీటి దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది అనుకోండి. పీసీ దానంతట అది లేవాలంటే, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టాలి. లేచింది సరే, లాగిన్ అయ్యేవాళ్లు ఎవరూ లేరు. విండోస్‌లో టెయిల్‌స్కేల్ మామూలుగా ఎవరైనా లాగిన్ అయితేనే కనెక్ట్ అవుతుంది. అందులో రన్ అన్‌అటెండెడ్ అని ఉంటుంది, అది ఆన్ చేయాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్‌కి బూట్ పిన్ పెట్టి ఉంటే మాత్రం ఎవరో ఒకరు ఇంట్లో టైప్ చేయాల్సిందే.

టెయిల్‌స్కేల్ మామూలుగా 180 రోజులకోసారి మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఆ రోజు మీరు బెంగళూరులో ఉంటారు, పీసీ ఇంట్లో ఉంటుంది. అడ్మిన్ పేజీలో ఆ ఒక్క మెషిన్‌కి ఈ గడువు, అంటే కీ ఎక్స్‌పైరీ, ఆపేయండి. ల్యాప్‌టాప్‌కి, ఫోన్‌కి మాత్రం ఆపకండి, పోయేవి అవే. రిమోట్ డెస్క్‌టాప్‌లో విండోస్ పిన్ చెల్లదు, ఖాతా పాస్‌వర్డే కావాలి. అది గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. స్లీప్ కూడా ఆఫ్ చేయండి.

అన్నీ అయ్యాక, ల్యాప్‌టాప్‌ని ఇంటి వైఫై నుంచి తీసేసి మొబైల్ హాట్‌స్పాట్‌తో కనెక్ట్ చేసి చూడండి. పనిచేస్తే పీసీని గోడ దగ్గర స్విచ్ ఆపి, మళ్లీ వేసి, కీబోర్డ్ ముట్టుకోకుండా ఇంకోసారి ప్రయత్నించండి. అప్పుడూ తెరుచుకుంటే బస్సు టికెట్ బుక్ చేసుకోవచ్చు.