టొయోటా 2000జీటీ: అమెరికాలో అరుదైన కారు ఎలా నిలిచింది?

[తెరపై: తెల్లని టొయోటా 2000జీటీ, పక్కనుంచి]

1967 నుంచి 1970 వరకు టొయోటా తయారుచేసిన 2000జీటీ స్పోర్ట్స్ కార్లు, తొలి ప్రయోగ నమూనాలతో కలిపి 351 అని సాధారణంగా లెక్కిస్తారు. వాటిలో అమెరికాకు చేరినవి సుమారు 60. అదే దశకంలో అదే సంస్థ అక్కడ వేల సంఖ్యలో అమ్మిన కరోనా సెడాన్ నేడు అమెరికా రోడ్లపై కనిపించడమే గగనం కాగా, 2000జీటీ మాత్రం వేలంపాటల్లోనూ ప్రదర్శనశాలల్లోనూ దర్శనమిస్తూనే ఉంది. కొద్దిగా పుట్టినది నిలిచి, విరివిగా పుట్టినది ఎందుకు మాయమైందో చూద్దాం.

మొదటి కారణం ధర. రెండు వేల డాలర్ల లోపు దొరికిన కరోనాను జనం రోజువారీ అవసరాలకు కొని, అరిగేదాకా నడిపి, మరమ్మతు ఖర్చు కారు విలువను మించగానే తుక్కు కింద అమ్మేశారు. 2000జీటీ ధర సుమారు 7,000 డాలర్లు, అంటే పేరున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఈ-టైప్ కంటే ఎక్కువ. జపాన్ కారుకు అంత పెట్టడమేమిటని చాలామంది వెనుకాడారు. 1968లో అమెరికా రేసర్, కార్ల నిర్మాత క్యారల్ షెల్బీ బృందం వీటిని అమెరికా రేసుల్లో పరుగెత్తించినా అమ్మకాలు పుంజుకోలేదు. అయితే కొన్న కొద్దిమందీ ముచ్చటపడి కొన్నవారే కనుక, అలాంటి బండి తుక్కు దుకాణానికి సులభంగా చేరదు.

[తెరపై: బానెట్ తెరిచిన ఇంజిన్]

రెండో కారణం దీని నిర్మాణంలోనే ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. 1988 సీసీ, ఆరు సిలిండర్ల ఈ ఇంజిన్‌కు మూలం టొయోటా క్రౌన్ సెడాన్‌లోని ఇంజినే. దానిపై రెండు క్యామ్‌షాఫ్టులున్న (వాల్వులను తెరిచే కడ్డీలు) కొత్త సిలిండర్ హెడ్‌ను, అంటే ఇంజిన్ పైభాగాన్ని, యమహా అమర్చి, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్లు మూడింటితో 150 హార్స్‌పవర్ రాబట్టింది. కింది భాగం సామాన్య ఇంజిన్ల కుటుంబానికి చెందినదే కాబట్టి దాన్ని బాగుచేయడం మెకానిక్‌కు మరీ కొత్త విద్య కాదు. పైభాగం సంగతి వేరు: ఆ హెడ్ మరే కారుకూ సరిపోదు, మరే కారుదీ దీనికి సరిపోదు. ముందు చక్రాల వెనుక ఇరువైపులా ఉన్న చిన్న తలుపుల్లో ఒకదాని వెనుక బ్యాటరీ, మరొకదాని వెనుక ఎయిర్ క్లీనర్ ఉంటాయి. డ్యాష్‌బోర్డు చెక్క పనిలో పియానోలు చేసే యమహా నైపుణ్యం కనిపిస్తుంది. ఇలాంటివి పోతే బజారులో వెతికి లాభం లేదు, కొత్తగా చేయించుకోవాల్సిందే.

అంత ఖర్చుకు యజమానులు సిద్ధపడటానికి వేలం ధరలూ ఊతమిచ్చాయి. 2013లో ఒక 2000జీటీ పది లక్షల డాలర్లు దాటింది. 2022లో షెల్బీ బృందం నడిపిన కారు ఒకటి 25 లక్షల డాలర్లకు పైగా పలికింది. దీనికి మరో ముఖం కూడా ఉంది: ధర పెరిగిన కొద్దీ కారు రోడ్డెక్కడం తగ్గుతుంది, కదలని కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి.

[తెరపై: గేర్‌బాక్స్ విడిభాగాలు]

2020లో టొయోటా స్వయంగా రంగంలోకి దిగి, 2000జీటీ గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే భాగం) విడిభాగాలను మళ్లీ తయారుచేసి, జపాన్‌తో పాటు విదేశాల్లోని యజమానులకూ అమ్మడం మొదలుపెట్టింది. ఇదే పథకం కింద పాత సుప్రా, 40 సిరీస్ ల్యాండ్ క్రూజర్, ఏఈ86 కరోలా వంటి వాటికీ భాగాలు వస్తున్నాయి. ఇవన్నీ అభిమానుల బలమున్న కార్లే.