చిటికెన వేలంత వాల్వు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు మాట్లాడమని నాకిచ్చిన విషయం దేశ రక్షణ, స్వావలంబన. పెద్ద మాటలు. పెద్ద మాటలంటే నాకు కొంచెం భయం. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకు ఆకురాయి పట్టడం నేర్పినవాణ్ణి. అందుకని చేతిలో పట్టే ఒక వస్తువుతో మొదలుపెడతాను. ఒక వాల్వు. చిటికెన వేలంత ఉంటుంది.

సుల్తానాబాద్ దగ్గర మా బావకు బియ్యం గిర్ని ఉంది. కొన్నేళ్ల కింద, సరిగ్గా యాసంగి వడ్లు వచ్చిపడే రోజుల్లో, పెళ్లి పత్రిక ఇవ్వడానికి అక్కడికి వెళ్లాను. గిర్ని చప్పుడు లేదు. బయట లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు లారీల కింద నీడలో పడుకున్నారు. హమాలీలు బస్తాల మీద కూర్చొని పేకాడుతున్నారు. సంగతేమిటంటే, బియ్యంలో నల్లగింజలు ఏరే మిషను ఆగిపోయింది. ఆ మిషనులో కెమెరా గింజగింజనూ చూస్తుంది. రంగు తేడా కనబడితే ఒక గాలి వాల్వు ఠక్కున ఊది ఆ గింజను పక్కకు కొడుతుంది. ఆ వాల్వులు నాలుగు పోయాయి.

"తెప్పియ్యరాదు బావా?" అన్నాను.

"తెప్పిస్తున్న బావా. సముద్రం దాటి రావాలె. మూడు వారాలట."

చెడిపోయిన వాల్వును నా అరచేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ తిప్పి చూశాను. లోపల సన్నని స్ప్రింగు, ఒక రబ్బరు, ఇంత రాగి తీగ చుట్ట. మా పిల్లలు చేయలేనిది అందులో ఏముంది అనిపించింది. కానీ చేసినవాడు లేడు. చేయమని అడిగినవాడూ లేడు. కోట్ల రూపాయల గిర్ని, చిటికెన వేలంత వాల్వు కోసం మూడు వారాలు నోరు మూసుకుంది.

ఇప్పుడు గిర్ని స్థానంలో ఒక యుద్ధ విమానాన్ని పెట్టి చూడండి.

తేజస్ మనదే. మన ఇంజనీర్లు గీసిందే, బెంగళూరులో తయారయ్యేదే. 2021లో 83 విమానాలకు ఒప్పందం అయింది. సుమారు 48 వేల కోట్లు. 2024లో మొదలు కావలసిన అప్పగింతలు వెనకబడ్డాయి. ప్రధాన కారణం ఏమిటి? ఇంజిన్లు. అవి అమెరికా నుంచి రావాలి, అక్కడి నుంచి ఆలస్యంగా వచ్చాయి. విమానం ఒళ్లంతా మనది, గుండె మాత్రం పార్సిల్‌లో రావాలి. ఎందుకో నాకు మా బావ గిర్ని ముందు నిలబడ్డ లారీలే గుర్తొస్తాయి.

మరి ఇందులో రక్షణ మంత్రి అనేవాడు ఏం చేయగలడు? ఆయన డిజైన్ గీయడు, వెల్డింగ్ చేయడు. ఏది ఇక్కడే చేసుకోవాలి, ఏది బయట కొనాలి అని తేల్చి సంతకం పెడతాడు. ఎప్పుడు పెట్టాడన్నది ముఖ్యం. పెట్టిన తర్వాత ఫలితం ఆలస్యమైతే ఎంత ఓపిక పట్టాడన్నది ఇంకా ముఖ్యం. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. నా క్లాసులో ప్రతి బ్యాచికీ చెప్పేవాణ్ణి. మీకూ చెబుతాను.

అది 1983. రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్. తర్వాత రాష్ట్రపతి అయ్యారే, ఆయనే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్ అని రక్షణ పరిశోధన ల్యాబు ఉంది. అంతకుముందు రష్యా క్షిపణిని విప్పి చూసి అలాంటిదే చేద్దామని పెట్టుకున్న ప్రాజెక్టు మధ్యలో ఆగిపోయింది. ల్యాబు మొత్తం ఉసూరుమంటున్న రోజుల్లో, 1982లో, అబ్దుల్ కలాం దానికి డైరెక్టరుగా వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆయనా, మంత్రికి శాస్త్ర సలహాదారు అరుణాచలమూ కలిసి ఒక ప్రణాళిక పట్టుకొని ఢిల్లీ వెళ్లారు.

గదిలో మంత్రి ఉన్నారు. మూడు దళాల అధిపతులూ ఉన్నారు. సైన్యాధిపతి జనరల్ కృష్ణారావు మన తెలుగువాడే. లెక్కలు చూసే పెద్ద అధికారులూ ఉన్నారు. కలాం తెచ్చిన ప్రణాళిక జాగ్రత్తగా ఉంది. ముందు ఒక క్షిపణి, అది అయ్యాక ఇంకొకటి, విడతలు విడతలుగా. మనమైనా అలాగే అడుగుతాం కదా? ఇల్లు కట్టేటప్పుడు కూడా ముందు రెండు గదులు వేసుకుందాం, పైసలు చేతికొచ్చాక పైన వేసుకుందాం అంటాం. గదిలో చాలామందికి అసలు ఈ పని అవుతుందా అన్న అనుమానం. ఇంతవరకూ చేసిందేముంది అన్నట్టు ప్రశ్నలు.

అప్పుడు మంత్రి అడ్డుపడ్డారు. ఖర్చు తగ్గించమంటారనుకున్నారు వీళ్లు. ఆయన తలకిందులు చేశారు. విడతలు ఎందుకు, అన్నీ కలిపి ఒకే కార్యక్రమంగా ఎందుకు పెట్టకూడదు అన్నారు. అన్నీ ఒకేసారి! వచ్చినవాళ్లకు నోట మాట రాలేదు. మళ్లీ లెక్కలు వేసుకోవాలి, టైం కావాలన్నారు. రేపు పొద్దున రండి అన్నారు మంత్రి.

రాత్రంతా కలాం, అరుణాచలం కూర్చొని ప్రణాళిక తిరగరాశారు. తెల్లారింది. టిఫిన్ చేస్తూ ఉండగా కలాంకు గుర్తొచ్చింది, ఆ సాయంత్రమే రామేశ్వరంలో మేనకోడలి పెళ్లి! తానున్నది ఢిల్లీలో. ఇంక అందదు అనుకున్నారు. మనసులో దిగులు పెట్టుకునే మీటింగుకు వెళ్లారు. మంత్రి కొత్త ప్రణాళిక చూశారు, సంతోషించారు. బయటికి వచ్చాక తెలిసింది, మదరాసు దాకా విమానం, అక్కడి నుంచి మదురై దాకా ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్, అప్పటికే సిద్ధమై ఉన్నాయని. కలాం పెళ్లికి అందుకున్నారు.

నాకు ఈ కథలో క్షిపణుల కన్నా హెలికాప్టరే ఎక్కువ నచ్చుతుంది. మా పిల్లలు నవ్వేవారు, సార్‌కు పెళ్లి భోజనం మీదే ధ్యాస అని. నా ధ్యాస భోజనం మీద కాదు. పని చెప్పినవాడు, ఆ పని చేసేవాడికి ఇంట్లో పెళ్లి ఉందన్న సంగతి కూడా పట్టించుకున్నాడు. అటువంటి చోట మనిషి పదేళ్లు నిలబడి పనిచేస్తాడు.

388 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 1983 జులై 27న పని మొదలైంది. పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్. అన్నీ ఒకేసారి.

అన్నీ ఒకేసారి ఎందుకు మంచిదయిందో నాలుగేళ్ల తర్వాత తెలిసింది. 1987లో పెద్ద దేశాలు కొన్ని కూడబలుక్కొని, క్షిపణుల సరంజామా, పరిజ్ఞానం బయటివాళ్లకు అమ్మకూడదని కట్టుబాటు పెట్టుకున్నాయి. వాకిలి మూసేశారు. మనం ఒక్కో విడత ఒక్కో విడత అంటూ కూర్చొని ఉంటే, వాకిలి మూసేనాటికి మన చేతిలో ఒక్క క్షిపణి కాగితాలు ఉండేవి. అప్పటికే అన్నీ ఒకేసారి మొదలయ్యాయి గనక ఉక్కు మనదే కావలసి వచ్చింది, ఇంధనం మనదే కావలసి వచ్చింది. కంచన్‌బాగ్‌లోనే మిధాని ఉంది, ప్రత్యేక లోహాలు కరిగించేది. పక్కనే 1970 నుంచి ఉన్న భారత్ డైనమిక్స్ క్షిపణులను తయారు చేస్తుంది.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. 1988 ఫిబ్రవరిలో పృథ్వి ఎగిరింది, బాగానే ఉంది. 1989లో అగ్ని రెండుసార్లు ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. పేపర్లలో కార్టూన్లు వేసి నవ్వారు. మే 22న ఎగిరింది. త్రిశూల్ చివరికి అక్కరకు రాలేదు, మూసేశారు. నాగ్‌కు దశాబ్దాలు పట్టింది. ఆకాశ్ సైన్యం చేతికి రావడానికి 2015 అయింది. సంతకం 1983, చేతికందింది 2015. ముప్పై రెండేళ్లు! కానీ 2025 మేలో డ్రోన్లు మన సరిహద్దు మీదికి వచ్చిన రాత్రుల్లో, అడ్డుకున్న వాటిలో ఆకాశ్ ఉంది. 1983లో పెళ్లికి వెళ్లిన మనిషీ, హెలికాప్టర్ పంపిన మనిషీ ఇద్దరూ అప్పటికి లేరు.

ఇక్కడ మన వంగర పెద్దాయన్ని తలచుకోకపోతే వరంగల్‌లో నన్ను తిరగనివ్వరు. పి.వి. నరసింహారావు 1985లో కొన్ని నెలలు రక్షణ మంత్రిగా ఉన్నారు. ప్రధాని అయ్యాక, 1993 నుంచి ఆ శాఖ తన దగ్గరే పెట్టుకున్నారు. ఆయన కాలంలోనే కలాం ఆధ్వర్యంలో కమిటీ వేసి, ఆయుధాల్లో మన సొంత వాటా ముప్పై శాతం నుంచి 2005 నాటికి డెబ్బైకి తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2005 వచ్చింది, పోయింది. డెబ్బై రాలేదు. చేదు మాటే, కానీ చెప్పాలి.

అసలు ఈ పని మనకు కొత్తా? నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు ఎంతమంది విన్నారు? వడ్ల పొట్టు కలిపిన మట్టితో మూసలు చేసి, అందులో ఇనుప ముక్కలు వేసి, మూతి మూసి, రేయింబవళ్లు కొలిమిలో కాల్చి ఉక్కు ముద్దలు తీసేవారు అక్కడ. ఆ ముద్దల కోసం పర్షియా వ్యాపారులు వచ్చి ఆ ఊళ్లో మకాం పెట్టేవారు. 1820ల నాటికి బ్రిటిష్ సర్వేలో పనిచేసిన వాయిసీ అక్కడికి వెళ్లి చూసి రాసిపెట్టాడు. లోకమంతా పేరుపొందిన డమాస్కస్ కత్తులకు అటువంటి ఉక్కే వాడేవారు. ఒకప్పుడు ఎగుమతి చేసిన ఊరు. ఈ మాట చెప్పి మీసం మెలేయడం తేలిక. కొలిమి ఆరిపోయాక ఆ పనితనం కొడుకులకు అందలేదు. నాకు ఆ సంగతే ఎక్కువ బాధ.

ఇప్పటి సంగతికి వస్తాను, టైం అయిపోతోందని గాజు అవతల నుంచి అమ్మాయి సైగ చేస్తోంది. రాజ్‌నాథ్ సింగ్ 2019 నుంచి రక్షణ మంత్రి. 2020 ఆగస్టులో ఆయన 101 వస్తువుల జాబితా ప్రకటించారు. ఫలానా గడువు దాటాక ఇవి బయట కొనేది లేదు, ఇక్కడే చేయాలి అని. తర్వాత మరికొన్ని జాబితాలు. అయిదు కలిపి 509. ఎగుమతులు 2013-14లో 686 కోట్లు ఉంటే, 2024-25లో 23,622 కోట్లకు చేరాయి. రాజకీయాలు పక్కన పెడితే, జాబితా ప్రకటించడం మంచి పని అని నా అభిప్రాయం. ఎందుకంటే, కొనేవాడు ఉన్నాడని తెలిస్తేనే చేసేవాడు మిషను కొంటాడు. మా బావ గిర్ని వాల్వును ఎవరూ ఎందుకు చేయలేదు? కొనేవాడు ఉన్నాడని లేత్ షెడ్డువాడికి తెలియదు. చేసేవాడు ఉన్నాడని మా బావకు తెలియదు. అంతే.

అదే 2020 ఆగస్టులో 'సృజన్' అని ఒక పోర్టల్ కూడా తెరిచారు. రక్షణ సంస్థలు బయటి నుంచి తెచ్చుకుంటున్న విడిభాగాలను అందులో పెడతారు. వాషర్లు, సీళ్లు, కనెక్టర్లు, ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. నేను చేస్తాను అని మనం ఆసక్తి తెలపవచ్చు. ఈ రోజు మీకు చెప్పదలచుకున్న పని ఇదొక్కటే. లేత్ షెడ్డు ఉన్నవాళ్లు, ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి హైదరాబాద్ బస్సు ఎక్కుదామా అని ఆలోచిస్తున్న పిల్లలు, ఒక్కసారి అందులో చూడండి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు, కావాలంటే అది పూర్తిగా ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. డబ్బు వెంటనే వస్తుందనుకోకండి. ముందు నమూనా చేయాలి, పరీక్షల్లో నిలబడాలి, మళ్లీ చేయాలి.

నా పాత విద్యార్థి ఒకడికి కాజీపేట వైపు చిన్న షెడ్డు ఉంది. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషను, గోడకు ఆంజనేయస్వామి క్యాలెండరు. ఇన్నాళ్లూ ట్రాక్టర్ పిన్నులు, బోరు మోటారు షాఫ్టులు చేసేవాడు. పోయిన నెల వాడి దగ్గర కూర్చొని ఫోనులో ఆ పోర్టల్ తెరిపించాను. మసి చేతిని ప్యాంటుకు తుడుచుకొని బొటనవేలితో పైకి పైకి జరుపుతూ పోయాడు. ఒక చోట ఆగాడు. చిన్న బుష్. బొమ్మను పెద్దది చేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి చాలాసేపు చూశాడు.

"సార్, గిది మనం చెయ్యొచ్చు. మైక్రాన్లు అడుగుతున్నరు గని చెయ్యొచ్చు. మీ పాత మైక్రోమీటర్ ఉందా, ఇంట్ల?"

ఉంది. అటకమీది పెట్టెలో ఉంది. రేపు దించుతాను.

నమస్కారం.