కోచ్‌ను ఎదిరించి, కోచ్ అయిన ఇగోర్ లారియనోవ్

శ్రోతలకు నమస్కారం.

1988 అక్టోబర్‌లో మాస్కో వారపత్రిక ‘ఒగోన్యోక్’ ఒక బహిరంగ లేఖ అచ్చువేసింది. రాసింది సోవియట్ ఐస్ హాకీ జట్టు ఆటగాడు ఇగోర్ లారియనోవ్. ఎవరికంటే, తన సొంత కోచ్ విక్టర్ తిఖోనోవ్‌కు. అప్పటికి లారియనోవ్ వయసు 27. ఎనిమిది నెలల కిందటే కాల్గరీ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి వచ్చారు. ఇద్దరూ సైనిక క్లబ్బుకు చెందినవాళ్లు, ఇద్దరికీ సైన్యంలో హోదాలు ఉన్నాయి. అంటే దేశమంతా చదివే పత్రికలో ఒక అధికారి తన పై అధికారిని పేరుపెట్టి నిలదీశారన్నమాట. సోవియట్ యూనియన్‌లో అలా చేయాలంటే గుండె ధైర్యం కావాలి.

అదే లారియనోవ్ అరవయ్యో పడికి దగ్గరవుతుండగా తానే కోచ్ అయ్యారు. ఒకప్పుడు కర్రపెత్తనం కింద నలిగిన మనిషి చేతికే ఆ కర్ర వస్తే ఏం చేస్తారు? ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మనకు తెలిసిన హాకీలో జట్టుకు పదకొండు మంది. ఐస్ హాకీలో గోల్‌కీపర్‌ను కలుపుకుని ఆరుగురే. సుమారు అరవై మీటర్ల పొడవున్న మంచు గచ్చు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని, పక్ అనే గట్టి రబ్బరు బిళ్లను కర్రలతో కొడతారు. అది ఎగిరిపడకుండా ఉండాలని మ్యాచ్‌కు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ఆ వేగానికి ఎవరికైనా నిమిషంలోపే ఊపిరి అందదు, అందుకే ఆట ఆగకుండానే ఒక గుంపు బయటికి వస్తుంటే మరో గుంపు లోపలికి దూకుతుంది. ఏ గుంపులో ఎవరుండాలి, ఎప్పుడు దూకాలి అన్నది కోచ్ నిర్ణయిస్తారు. ఈ ఆటలో కోచ్ చేతిలో అంత పట్టు ఉంటుంది.

లారియనోవ్ పుట్టింది 1960 డిసెంబర్ 3న, మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న వొస్క్రెసెన్స్క్‌లో. రసాయన కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణం అది. ఊరి క్లబ్బు ఖిమిక్‌లోనే ఆట నేర్చుకున్నారు. స్టాలిన్ కాలంలో ఆయన తాతగారు ఏళ్లతరబడి నిర్బంధ శిబిరంలో మగ్గారు. మనవడు ఎందుకు తల వంచలేదో అర్థం చేసుకోవాలంటే ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మనిషి బక్కపల్చన. బలంతో గుద్ది పక్ లాక్కునే రకం కాదు. ఎదుటివాళ్లు ఎక్కడికి వెళ్లబోతున్నారో రెండు అడుగుల ముందే పసిగట్టి పాస్ ఇచ్చేవారు. చదరంగం అంటే ఇష్టం, కళ్లజోడు, నెమ్మదైన మాట. తర్వాత అమెరికాలో అందరూ ఆయన్ను ‘ప్రొఫెసర్’ అనేశారు. ఇరవై ఏళ్ల వయసులో, 1981 కెనడా కప్ ఫైనల్లో, కెనడాను వాళ్ల గడ్డ మీదే సోవియట్ జట్టు 8–1తో చిత్తు చేసినప్పుడు అందులో రెండు గోల్స్ ఈ కుర్రాడివే.

ఆ ఏడాదే ఆయన సీఎస్‌కేఏకు, అంటే కేంద్ర సైనిక క్రీడా క్లబ్బుకు మారారు. నిజానికి అది మారడం కాదు, పిలిస్తే వెళ్లడం. వయసొచ్చిన ప్రతి కుర్రాడూ సైనిక సేవ చేయాల్సిందే కాబట్టి దేశంలో మంచి ఆటగాడు ఎక్కడ కనిపించినా తిఖోనోవ్ తెప్పించుకునేవారు. 1978 నుంచి 1989 దాకా ఆయన హయాంలో సీఎస్‌కేఏ ఏటా లీగ్ గెలిచింది.

అక్కడ లారియనోవ్‌కు కుడి ఎడమల సెర్గేయ్ మకరోవ్, వ్లదీమిర్ క్రుతోవ్, వెనక వ్యాచెస్లావ్ ఫెటిసోవ్, అలెక్సేయ్ కసతోనోవ్. హాకీ చరిత్రలో ఇంతకు మించిన గుంపు లేదని నా అభిప్రాయం. కబడ్డీలో పట్టేవాళ్లు చేతులు కలిపి గొలుసుగా కదిలినట్టు ఐదుగురూ ఒకే ఆలోచనతో కదిలేవారు. ఉత్తర అమెరికా జట్లు దారి మూసుకుపోతే పక్‌ను ప్రత్యర్థి మూలకు విసిరేసి దాని వెంట పరిగెత్తేవి. వీళ్లు విసిరేవారు కాదు. దారి లేకపోతే వెనక్కి తిరిగేవారు, చుట్టు తిరిగి మళ్లీ వచ్చేవారు. కష్టపడి సంపాదించిన పక్‌ను ఎదుటివాళ్లకు ఎందుకివ్వాలి అన్నది వాళ్ల లెక్క. 1984 సరయేవో, 1988 కాల్గరీ ఒలింపిక్ స్వర్ణాలు ఈ ఐదుగురు ఉన్న జట్టువే.

అయితే దీని వెనక బతుకు మాత్రం జైలు బతుకే. మాస్కో శివారు అర్ఖంగెల్‌స్కోయెలో జట్టుకు ఒక క్యాంపు ఉండేది. పెళ్లయి పిల్లలున్న ఆటగాళ్లు కూడా ఏడాదిలో పది పదకొండు నెలలు అక్కడే. ఇల్లు మాస్కోలోనే ఉన్నా వెళ్లడానికి అనుమతి కావాలి. ఎదురు మాట్లాడితే విదేశీ పర్యటన జాబితాలో పేరు ఉండదు. లారియనోవ్‌కు కొంతకాలం ఆ శిక్షా పడింది.

తిఖోనోవ్‌ను రాక్షసుడిగా చూపించడం నాకిష్టం లేదు. ఆయన కూడా ఆ క్యాంపులోనే, ఆటగాళ్లతో పాటే బతికారు. 1992 ఒలింపిక్స్‌లో ఈ ఐదుగురిలో ఒక్కరూ లేని జట్టుతో మళ్లీ స్వర్ణం గెలిచారు. పని తెలిసిన మనిషి. కానీ ఆట తెలిసినంత మాత్రాన మనుషుల్ని బోనులో పెట్టే హక్కు రాదు. లారియనోవ్ లేఖలో ఉన్నది అదే. సాధన తగ్గించమని ఆయన అడగలేదు. మమ్మల్ని ఇళ్లకు పోనివ్వండి, మాతో మనుషుల్లా మాట్లాడండి అని అడిగారు.

లేఖ తర్వాత గొడవ ముదిరింది. విదేశానికి వెళ్లి ఆడతానన్నందుకు ఫెటిసోవ్‌ను జట్టుకు దూరం పెడితే, ఆయన లేకుండా 1989 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడబోమని లారియనోవ్, మకరోవ్, క్రుతోవ్ టీవీలోనే ప్రకటించారు. అధికారులు దిగొచ్చారు. ఫెటిసోవ్ కెప్టెన్‌గా స్టాక్‌హోమ్‌లో స్వర్ణం గెలిచారు. ఆ ఏడాదే విదేశాల్లో ఆడటానికి గేట్లు తెరుచుకున్నాయి.

లారియనోవ్ అమెరికా, కెనడా జట్లు ఆడే లీగ్‌లోని వాంకూవర్ కనక్స్ క్లబ్బులో చేరారు. అప్పటికి దాదాపు 29 ఏళ్లు. చాలామంది ఆ వయసుకు దిగుదశలో ఉంటారు. తోడొచ్చిన క్రుతోవ్ అక్కడ నిలదొక్కుకోలేకపోయారు, లారియనోవ్ నిలదొక్కుకున్నారు. 1991లో పావెల్ బురె అనే మెరుపు లాంటి కుర్రాడు మాస్కో నుంచి వస్తే పెద్దన్నలా అండగా నిలిచారు. అయితే ఆటగాళ్ల కోసం క్లబ్బు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా సోవియట్ ప్రభుత్వ సంస్థకు పోయేది. అది ఆయన భరించలేకపోయారు. ఒప్పందం ముగియగానే ఆ సంస్థకు పైసా దక్కకూడదని 1992లో స్విట్జర్లాండ్ వెళ్లి లుగానో క్లబ్బుకు ఆడారు. చేతికందిన కెరీర్‌ను ఒక మాట కోసం ఏడాది పక్కన పెట్టడం చిన్న విషయం కాదు.

తర్వాత సాన్ హోసే షార్క్స్. అంతకు ముందు సీజన్‌లో 71 మ్యాచ్‌లు ఓడిన జట్టది. లారియనోవ్, మకరోవ్ కలిశాక ప్లేఆఫ్స్‌కు చేరి, 1994లో బలమైన డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌ను ఏడు మ్యాచ్‌ల పోరులో ఇంటికి పంపింది. డెట్రాయిట్ కోచ్ స్కాటీ బౌమన్ ఆ దెబ్బ మరిచిపోలేదు. 1995 అక్టోబర్‌లో, అంతకు ముందు ఒకే సీజన్‌లో 52 గోల్స్ కొట్టిన రే షెపర్డ్‌ను ఇచ్చేసి మరీ 34 ఏళ్ల లారియనోవ్‌ను తెచ్చుకున్నారు.

బౌమన్ దగ్గర అప్పటికే నలుగురు రష్యన్లున్నారు. ఫెటిసోవ్, వ్లదీమిర్ కాన్‌స్టాంటినోవ్, సెర్గేయ్ ఫెదోరోవ్, వ్యాచెస్లావ్ కోజ్లోవ్. కోజ్లోవ్‌ది కూడా వొస్క్రెసెన్స్కే. అక్టోబర్ 27న కాల్గరీలో ఐదుగురినీ ఒకే గుంపుగా దింపారు. డెట్రాయిట్ 3–0తో గెలిచింది. ఎలా ఆడాలన్నది బౌమన్ వాళ్లకే వదిలేశారు. లారియనోవ్ కోచింగ్ ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే నేను ఇక్కడే అంటాను. బౌమన్ కూడా కఠినుడే, ఆటగాళ్లు హడలిపోయేవారు. కానీ తనకు తెలియని విద్య ఎదుటివాళ్ల దగ్గర ఉందని తెలిశాక తప్పుకుని దారి ఇచ్చారు. తిఖోనోవ్ చేయనిది అదే. డెట్రాయిట్ ఆ సీజన్‌లో 62 మ్యాచ్‌లు గెలిచి లీగ్ రికార్డు నెలకొల్పింది.

1997 జూన్‌లో 42 ఏళ్ల తర్వాత ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ డెట్రాయిట్‌కు వచ్చింది. ఫెటిసోవ్, లారియనోవ్ ఇద్దరూ కలిసి కప్పు పట్టుకుని మంచు మీద తిరిగారు. ఆరు రోజులకే, జూన్ 13న, ఆటగాళ్లు ఎక్కిన కారు చెట్టుకు గుద్దుకుంది. కాన్‌స్టాంటినోవ్ మెదడుకు దెబ్బ తగిలి మళ్లీ ఆడలేకపోయారు. మరుసటి ఏడాది మళ్లీ కప్పు గెలిచాక ఆయన్ను చక్రాల కుర్చీలో మంచు మీదికి తెచ్చి, కప్పు ఒళ్లో పెట్టి తిప్పారు. కుర్చీ పక్కన ఫెటిసోవ్, లారియనోవ్ ఉన్నారు.

2002లో మూడో కప్పు. ఆ ఫైనల్ సిరీస్ మూడో మ్యాచ్ కరోలైనా మీద. స్కోరు 2–2. మొదటి ఓవర్‌టైమ్ అయింది, రెండోదీ అయింది, మూడోదీ సగం దాటింది. అంటే రెండు మ్యాచ్‌లంత ఆట దగ్గర పడుతోంది. కుర్రాళ్లే కాళ్లీడుస్తున్నారు. పక్ 41 ఏళ్ల లారియనోవ్‌కు అందింది. అందరూ అనుకునేది ఒకటే, వెంటనే కొట్టేస్తారని. ఆయన కొట్టలేదు. ఆగారు. అడ్డుకోవడానికి మంచు మీద పడుకుని జారుకుంటూ వచ్చిన ఆటగాడు ముందు నుంచి జారిపోయేదాకా పక్ కర్ర దగ్గరే ఉంచుకున్నారు. ఖాళీ కనిపించాక కర్రను వెనక్కి తిప్పి, కీపర్ మీదుగా పైకి లేపి కొట్టారు. ఆ కీపర్ ఆర్తుర్స్ ఇర్బె, సాన్ హోసేలో ఆయన పాత సహచరుడే. స్టాన్లీ కప్ ఫైనల్లో గోల్ కొట్టినవాళ్లలో అప్పటికి అతి పెద్ద వయస్కుడు ఆయనే అయ్యారు. అంత అలసటలో ఆ ఒక్క క్షణం ఆగగలగడం ఎవరూ నూరిపోస్తే వచ్చేది కాదు.

43 ఏళ్ల దాకా ఆడి 2004లో విరమించారు. అమెరికా లీగ్‌లో 921 మ్యాచ్‌లు, 169 గోల్స్, ఇతరులకు అందించిన గోల్స్ 475. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే ఎలాంటి ఆటగాడో తెలిసిపోతుంది. 2008లో టొరంటోలోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఆ తర్వాత వైన్ వ్యాపారం చేశారు, యువ ఆటగాళ్లకు ఏజెంట్‌గా పనిచేశారు. కానీ ఆట చూస్తుంటే మనసు ఊరుకోలేదు. పిల్లలు తప్పు చేస్తారేమోనన్న భయంతో కోచ్‌లు వాళ్లలోని సృజనను నొక్కేస్తున్నారని 2015లో ఒక వ్యాసం రాశారు. ఒడ్డున కూర్చుని చెప్పడం తేలిక. ఆయన నీళ్లలోకి దిగారు. రష్యా అండర్-20 జట్టుకు సహాయ కోచ్‌గా చేరి, 2020లో ప్రధాన కోచ్ అయ్యారు. ఆ నవంబర్‌లో హెల్సింకీలో పెద్దల టోర్నీ కార్యాలా కప్‌కు ఈ కుర్రాళ్ల జట్టునే పంపితే, అనుభవజ్ఞులైన జట్లను ఓడించి కప్పు తెచ్చారు. రెండు నెలలు తిరక్కుండా ఎడ్మంటన్ ప్రపంచ జూనియర్ పోటీల్లో మాత్రం సెమీఫైనల్లో కెనడా చేతిలో 5–0తో, కంచు పతకం మ్యాచ్‌లో ఫిన్లండ్ చేతిలో 4–1తో ఓడారు. విమర్శలు గట్టిగానే వచ్చాయి.

2022లో నిజ్నీ నొవ్‌గొరొద్ నగరానికి చెందిన టార్పెడో క్లబ్బు పిలిచింది. వోల్గా ఒడ్డున, కార్ల కర్మాగారం నీడలో పెరిగిన జట్టు. ఏనాడూ జాతీయ చాంపియన్ కాలేదు, కోట్లు కుమ్మరించే స్తోమతా లేదు. అలాంటి చోట లారియనోవ్ తన పాత పాఠమే మొదలుపెట్టారు. పక్ విసిరేయొద్దు. దారి లేకపోతే తిరిగి రండి. డిఫెండర్లూ దాడికి వెళ్లండి. ఈ ఆటలో అందమూ ఉంది, ప్రమాదమూ ఉంది. డిఫెండర్ ముందుకెళ్లి పక్ పోగొట్టుకుంటే వెనక ఎవరూ ఉండరు. టార్పెడో గోల్స్ కొట్టింది, తిన్నది కూడా. మొదటి సీజన్ ప్లేఆఫ్స్‌లో మాస్కో డైనమోను ఓడించి రెండో రౌండ్‌కు చేరింది. ఆయన ఉన్న మూడేళ్లలో అంతకు మించి వెళ్లలేదు. గెలుపోటముల పట్టీ మాత్రమే చూసేవాళ్లకు ఇది మామూలు రికార్డే. నాకు అలా అనిపించదు. తనకు ఎంత స్వేచ్ఛ కావాలని 27 ఏళ్ల వయసులో అడిగారో అంతే స్వేచ్ఛ, ఓడిపోయే రాత్రుల్లో కూడా, తన ఆటగాళ్లకు ఇచ్చారు. ఆ ఆటగాళ్లలో సొంత కొడుకు ఇగోర్ కూడా ఉన్నారు.

2025 వేసవిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ క్లబ్బు ఎస్‌కేఏ ఆయన్ను తీసుకుంది. అదీ ఒకప్పటి సైనిక క్లబ్బే. అక్కడి లీగ్ విజేతకిచ్చే గగారిన్ కప్ రెండుసార్లు గెలిచింది, డబ్బుకు కొదవ లేదు, అభిమానులకు కప్పు తప్ప వేరేది ఆనదు. టార్పెడోలో దొరికినంత ఓపిక అక్కడ దొరకడం కష్టం. ఆ బాధ్యత ఒప్పుకునేనాటికి లారియనోవ్‌కు 64 ఏళ్లు.

సెలవు.