ఈడూ జోడూ కుదరాలంటే

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఇంటి పనులు పక్కనపెట్టి వచ్చిన మీ అందరికీ వందనాలు. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ, నాకిచ్చింది ఇరవై నిమిషాలే. ఇక్కడ అమెరికా కాలేజీల్లో బాల్‌రూమ్, అంటే ఇద్దరు జంటగా ఆడే నాట్యం, టీముల్లో ఆడుతున్న మన పిల్లలు ముందు వరసలో ఉన్నారు. ఈ మాటలు వాళ్ల కోసం, వాళ్ల వెనక కూర్చున్న అమ్మానాన్నల కోసం.

పోటీ బాల్‌రూమ్‌లో గురువు దొరుకుతాడు, బూట్లు దొరుకుతాయి, ప్రాక్టీసుకి హాలు దొరుకుతుంది. దొరకనిదల్లా జోడీయే. నాట్యాలు రెండు విభాగాలు: స్టాండర్డ్‌లో వాల్ట్జ్, టాంగో, వియన్నీజ్ వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్ ఉంటాయి. లాటిన్‌లో సాంబా, చాచాచా, రుంబా, పాసోడోబ్లే, జైవ్. జడ్జీలు మార్కు వేసేది జంటకి. అమ్మాయికి ఇంత, అబ్బాయికి ఇంత అని విడివిడిగా వెయ్యరు. నువ్వెంత బాగా ఆడినా పక్కమనిషితో పొసగకపోతే రెండో రౌండుకి పిలుపు రాదు.

అందరూ మొదట అడిగేది ఎత్తు. అడగాల్సిందే, కానీ తప్పుగా అడుగుతున్నారు. స్టాండర్డ్‌కి అబ్బాయి 4 నుంచి 6 అంగుళాలు పొడుగుంటే మంచిదంటారు. ఆ లెక్క బూట్లు వేసుకుని చూడాలి. అమ్మాయి మడమ 2 నుంచి 2.5 అంగుళాలు, అబ్బాయిది ఒక అంగుళం, అంటే తేడాలో అంగుళం నుంచి అంగుళంన్నర అక్కడే పోయింది. అంతకన్నా ముఖ్యం తుంటి ఎత్తు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తుంటి ఎముక ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకోండి. మనిషి పొడుగై కాళ్లు పొట్టివైతే చిక్కు అక్కడే వస్తుంది.

ఎందుకో చెబుతాను, ఇది చూపిస్తే గానీ అర్థం కాదు. (ఇద్దరు పిల్లలు వేదిక మీదికి వచ్చారు.) చూడండి, అమ్మాయి సరిగ్గా ఎదురుగా లేదు, అబ్బాయికి కుడివైపు కాస్త జరిగి ఉంది. ఎవరి కుడిపాదమైనా ఎదుటివాళ్ల రెండు పాదాల మధ్యకి చూస్తోంది. పక్కటెముకల అడుగు నుంచి తుంటి దాకా ఇద్దరి కుడివైపులూ తగిలి ఉన్నాయి. అతని కుడిచెయ్యి ఆమె వీపున ఎడమ రెక్క ఎముక మీద ఉంది. ఇప్పుడు ఫాక్స్‌ట్రాట్‌లో ఫెదర్ స్టెప్ అనే అడుగుల వరస వేస్తే అబ్బాయి ముందుకి, అమ్మాయి వెనక్కి నడవాలి. ఆమె కాలు తుంటి నుంచి ఊగి బారుగా వెళ్తుంది. అబ్బాయి కాలు అంత దూరం అందకపోతే మధ్యలో సందు పడుతుంది. ఆ సందు పూడ్చడానికి అతను చేత్తో లాగుతాడు, ఆమె ఎడమ భుజం పైకి లేస్తుంది. జడ్జీకి కనబడేది ఆమె భుజం. మార్కు జంటకే తగ్గినా, నింద ఆమె ఖాతాలో పడుతుంది!

అబ్బాయి మరీ పొడుగైతే నడుము దగ్గర వంగుతాడు, కుడి మోచెయ్యి జారుతుంది, దాంతోపాటు ఆమె మోచెయ్యీ జారి ఫ్రేమ్, అంటే ఇద్దరి చేతులూ భుజాల కట్టు, మొత్తం కుంగుతుంది. అమ్మాయి పొడుగైతే ఆమె కుడిభుజం మీదుగా అతనికి దారి కనబడదు, ఇంకో జంటకి గుద్దుకుంటారు. లాటిన్‌లో ఎత్తు బాధ తక్కువ. అక్కడ చూడాల్సింది బరువు పాదం మీదికి ఎప్పుడు చేరుతోందన్నది. రుంబాలో అడుగు రెండు, మూడు, నాలుగు లెక్కల మీద పడుతుంది. ఒకళ్ల బరువు లెక్కకి చేరి ఇంకొకళ్లది ఆలస్యమైతే పాట ఒకటే అయినా నాట్యాలు రెండవుతాయి.

ఇక్కడే ఇంకో మాట. "అమ్మాయి బరువుగా ఉంది" అని అబ్బాయిలు అంటూ ఉంటారు. తల్లులారా, అది కిలోల మాట కాదు! నిలబడిన కాలి మీదికి బరువు సమయానికి రాకపోతే నలభై అయిదు కిలోల పిల్ల కూడా బండరాయిలా అనిపిస్తుంది. చాలాసార్లు కారణం అబ్బాయే. తన అడుగు పూర్తికాకముందే చేత్తో తిప్పుతాడు. ఆ మాట విని పిల్ల అన్నం మానేస్తే మీరు ఊరుకోకండి.

జోడీ చూపులు కనీసం మూడుసార్లు జరగాలి. మొదటిరోజు రొటీన్లు, అంటే ముందే కూర్చుకున్న అడుగుల వరసలు, వద్దు. పాట లేకుండా హోల్డ్‌లో, అంటే జంటగా పట్టుకుని, నాలుగడుగులు ముందుకి, నాలుగు వెనక్కి, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. తర్వాత వాల్ట్జ్‌లో కుడివైపు తిరిగే నాచురల్ టర్న్, ఎడమవైపు తిరిగే రివర్స్ టర్న్, అంతే. అడుగు తప్పినప్పుడు ఎదుటి మనిషి ఏం చేస్తున్నాడో గమనించండి. మళ్లీ చేద్దాం అంటున్నాడా, మీ పాదం వంక చూస్తున్నాడా? రెండోసారి కోచ్ ముందు. మూడోసారి అయిదు నాట్యాలూ వరసగా, ఒక్కోటి నిమిషంన్నర, మధ్యలో ఆగకుండా. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ దాకా వెళ్తే ఒక్కరోజులో పదిహేను నాట్యాలు. అలిసినప్పుడు బయటపడే గుణమే పోటీలోనూ మీకు ఎదురయ్యేది.

వయసు సంగతి త్వరగా చెప్పేస్తాను. సీనియర్ వన్ అనే వయసు విభాగంలో ఆడాలంటే జంటలో ఒకళ్లకి 35 నిండాలి, రెండోవాళ్లకి కనీసం 30 ఉండాలి. 36 ఏళ్లాయన 27 ఏళ్లామెతో కలిస్తే ఇరవై ఏళ్ల పిల్లలతోనే తలపడాలి. ఇద్దరి నాట్యం స్థాయిలు వేరైనప్పుడు మీ పోటీ నిబంధనలు ముందే చదువుకోండి.

తర్వాత ఖర్చుల పంపకం గురించి నాలుగు మాటలు చెబుదామని రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. అసలు బాధ వేరే ఉంది, చెప్పకుండా దిగలేను.

ఈ రంగంలో అబ్బాయిలు తక్కువ, అమ్మాయిలు ఎక్కువ. అందుకని ఏం జరుగుతోంది? కోచ్ ఫీజు మొత్తం అమ్మాయి కడుతుంది. ఎంట్రీ ఫీజు, కారు పెట్రోలు, హోటలు గది, అన్నీ ఆమెవే. ప్రాక్టీసు వేళ అతను చెప్పిందే. అతను కసిరినా మాట్లాడదు, వదిలేసి వెళ్తే ఇంకొకడు దొరకడని భయం. దీన్ని మనవాళ్లు ఏమంటారు? కట్నం అంటారు! పెళ్లిలో వద్దని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నది డాన్స్ ఫ్లోర్ మీద మాట్లాడకుండా ఇచ్చేస్తున్నాం. నిక్షేపంలాంటి పిల్లలు, నాలుగేళ్లు ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు, నిరుడు మొదలుపెట్టిన కుర్రాడి ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. నాకు అది సహించదు.

జోడీ విడిపోవడం ప్రళయం కాదు. లిథువేనియా చాంపియన్ జంట అరూనస్ బిజోకస్, ఎడితా డానియూటే విడిపోయారు. ఆమె ఇటలీకి చెందిన మిర్కో గొజ్జోలీతో కలిసింది. బిజోకస్ అమెరికాలో కాట్యూషా డెమిడోవాతో కలిశాడు. రెండు కొత్త జంటలూ ప్రొఫెషనల్ స్టాండర్డ్‌లో శిఖరానికి చేరాయి.

మరి దారేమిటి? అమ్మాయిలకి లీడ్, అంటే జంటని నడిపించే పని, నేర్పండి! 2014లో బ్రిటన్‌లో జంట అంటే ఒక మగ, ఒక ఆడ అని రాయాలన్న ప్రతిపాదన వచ్చి పెద్ద రగడ అయింది. ఇక్కడ అమెరికాలో నేషనల్ డాన్స్ కౌన్సిల్ 2019లో ఉల్టా దారి పట్టింది. జంట అంటే లీడ్ చేసేవాళ్లు, ఫాలో అయ్యేవాళ్లు అంది, ఆడా మగా అనలేదు. కాలేజీ పోటీల్లో అయితే ఇద్దరమ్మాయిలు కలిసి ఆడటం మామూలే. జోడీ లేనివాళ్లు టీబీఏ, అంటే జోడీ ఇంకా ఖరారు కాలేదు, అని పేరిచ్చుకోవచ్చు, నిర్వాహకులు ఇంకో టీబీఏతో కలుపుతారు. లీడ్, ఫాలో రెండూ వచ్చిన పిల్లకి తలుపులు రెండు. ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు.

అబ్బాయిలూ, మీమీద కోపం కాదు నాది. జోడీ కుదిరిన రోజే ఒక కాగితం మీద రాసుకోండి: వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని పోటీలు, కోచ్ ఫీజు చెరి సగం, మానుకోవాలంటే ఒప్పుకున్న పోటీ అయ్యాకే. కింద ఇద్దరూ సంతకం పెట్టండి.

గంట కొడుతున్నారు, ఆపేస్తాను. టీ తాగాక కుర్చీలు గోడవారకి జరుపుదాం. ఆ నాలుగడుగుల నడక అందరిచేతా నడిపిస్తాను. ముందు అమ్మాయిలే లీడ్ చేస్తారు.