షేడ్ కార్డు చూసి రంగు ఖాయం చేసేవాళ్లకు

నమస్కారం. ఇవాళ ఇంటి లోపలి గోడల రంగుల గురించి మాట్లాడుకుందాం. ఏ కంపెనీ మంచిది, లీటరు ఎంత, ఇవన్నీ పెయింట్ షాపాయన చెప్తాడు, అవి వదిలేద్దాం. నా గొడవ ఒక్క మాట గురించి. "కార్డులో ఒక రంగు చూపించి గోడకు ఇంకో రంగు కొట్టారు." తిరుపతిలో ఏ గృహప్రవేశానికి పోయినా ఇదే మాట. పాపం, పెయింటర్‌ని తిడతారు, షాపువాడిని తిడతారు. చాలాసార్లు డబ్బాలో ఉన్నది మీరు అడిగిన రంగే. మీరు దాన్ని ఏ వెలుతురులో చూశారు, ఇప్పుడు ఏ వెలుతురులో చూస్తున్నారు అన్నదే తేడా.

గాంధీ రోడ్డులో చీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు ఏం చేస్తారు? లోపల లైట్ల కింద ఎంత నచ్చినా నమ్మరు. "అన్నా, ఒకసారి బయట చూసుకుంటాం" అని చీర పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. లోపల మెరూన్‌లా కనిపించింది ఎండలో ఇటుక రంగు అని తేలితే మడిచి వెనక్కిచ్చేస్తారు. రెండు మూడు వేల చీరకు అంత జాగ్రత్త! ఏళ్ల తరబడి చూడాల్సిన గోడకు మాత్రం షాపులో ట్యూబ్‌లైటు కింద నిలబడి, రెండంగుళాల ముక్క మీద వేలు పెట్టి "ఇదే ఖాయం చేయన్నా" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

[షేడ్ కార్డు దగ్గరగా చూపించాలి]

ఈ ముక్క చూడండి. లేత పసుపు, కంటికి హాయిగా ఉంది. కార్డు మీద దీని చుట్టూ తెల్ల కాగితం ఉంది కాబట్టి ఇలా ఉంది. ఇదే రంగు నాలుగు గోడలకూ కొట్టారనుకోండి. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఒక గోడకు తగిలి, ఎదురు గోడ మీద పడి, మళ్లీ ఇటు వస్తుంది. తగిలిన ప్రతిసారీ పసుపు పెయింటు నీలాన్ని ఎక్కువగా మింగేస్తుంది, పసుపును వెనక్కి పంపుతుంది. రెండు మూడు దెబ్బలకు గదిలో తిరిగే వెలుతురే పసుపెక్కిపోతుంది. అందుకే కార్డు మీద లేతగా ఉన్న రంగు గదిలో గాఢంగా కనిపిస్తుంది. మడత మీద చూసిన చీర వేరు, ఆరు గజాలూ ఒంటికి చుట్టుకున్న చీర వేరు. నా సలహా అడిగితే, నచ్చిన రంగుకు ఒక మెట్టు లేతది, కాస్త బూడిద కలిసినట్టు ఉండేది తీసుకోండి. కార్డు మీద అది చప్పగా కనిపిస్తుంది. పర్వాలేదు.

ఇంక దిక్కులు. విదేశీ వీడియోలు చూసి "ఉత్తరపు గది చల్లగా, నీలంగా ఉంటుంది, అందుకని వెచ్చటి రంగు వేయాలి" అని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. లండన్ 51 డిగ్రీల అక్షాంశం దాటి ఉంది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. తిరుపతి 13.6 డిగ్రీల దగ్గర. ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడిమిలో ఇంకోసారి మధ్యాహ్నపు ఎండ సరిగ్గా మన నడినెత్తిన ఉంటుంది. ఆ రెండింటి మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే జరిగి ఉంటాడు. మే నెలలో పొద్దునా సాయంత్రం ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడడం మీరే చూసి ఉంటారు. వాళ్ల సూత్రం మన ఇంటికి అతికించుకుంటే ఎలా?

మనకు అసలు తలనొప్పి పడమర. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో కడతాం కదా. సాయంత్రం నాలుగు దాటాక ఆ గదిలోకి వచ్చే ఎండ బంగారు రంగులో ఉంటుంది. అందులో పీచ్ కలర్ వేస్తే నారింజ అయి కూర్చుంటుంది, గది ఇంకా ఉక్కపోసినట్టు అనిపిస్తుంది. అక్కడ లేత బూడిద, ఆకుపచ్చ కలిసిన తెలుపు లాంటివి బాగా నిలబడతాయి. ఆగ్నేయంలో వంటగది, దానికి పొద్దుటి ఎండ. వాస్తు నమ్మండి, నమ్మకపోండి, అది గదుల దిక్కులు ముందే తేల్చేస్తుంది కాబట్టి ఏ గదిలోకి ఎప్పుడు ఎండ వస్తుందో చెప్పడం మనకు సులువు. పంతులుగారు పసుపు వేయమంటే పసుపే వేయండి. అందులో ఎంత లేతది అన్నది ఆయన చెప్పలేదుగా!

ఇంకోటి. పక్కిల్లు. భవానీ నగర్ లాంటి చోట ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి. పక్కింటాయన గోడకు చిలకపచ్చ వేయించి ఉంటే, దాని మీద పడిన ఎండ మీ కిటికీలోంచి లోపలికి వస్తుంది. మీ తెల్ల గోడ పచ్చగా కనపడితే పెయింటర్‌కి ఫోన్ చేయకండి, ముందు కిటికీలోంచి బయటికి చూడండి.

"చీకటి గదికి తెలుపు వేస్తే వెలుగొస్తుంది" అన్నది సగం నిజం. పెయింటుకు ఎల్ఆర్‌వీ (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ) అని, వెలుతురును ఎంత వెనక్కి పంపుతుందో చెప్పే ఒక అంకె ఉంటుంది. నలుపు 0, పూర్తి తెలుపు 100. 70 అంటే పడిన వెలుతురులో 70 శాతం వెనక్కి పంపుతుంది. కానీ ముందు గోడ మీద వెలుతురు పడాలి కదా! అపార్ట్‌మెంట్‌లో పైపులు, గాలి కోసం వదిలే సందు, అదే డక్ట్, దాని వైపు కిటికీ ఉన్న గదిలో పగలు లైటు వేయకపోతే తెల్ల గోడ మాసినట్టు బూడిదగా కనిపిస్తుంది. అలాంటి గదికి రంగు కంటే ముందు బల్బు తేల్చుకోండి. బల్బు వెలుతురు రంగును కెల్విన్లలో, అంటే 'కె'లో చెప్తారు. పెట్టె మీద 6500కె అని ఉంటే నీలం మొగ్గే తెలుపు, దాని కింద క్రీమ్ రంగు పాలిపోతుంది. 3000కె అయితే పసుపు మొగ్గుతుంది, దాని కింద బూడిద రంగు మట్టి పట్టినట్టు ఉంటుంది.

మళ్లీ చీర దగ్గరికొస్తాను. జాకెట్టు గుడ్డ కొనడానికి ఎవరైనా చీర ఇంట్లో పెట్టి, రంగు గుర్తుంచుకుని వెళ్తారా? సంచిలో చీర పెట్టుకునే పోతారు. ఇక్కడ మీ చీర నేల. గ్రానైటో, టైల్సో వేసేశారు, ఇక మార్చలేరు. మిగిలిన టైలు ముక్క ఒకటి సంచిలో వేసుకుని పెయింట్ షాపుకి పోండి. కుప్పం గ్రీన్ గ్రానైటు పరిచిన హాల్లో గులాబీ మొగ్గే క్రీమ్ కొట్టి, తర్వాత ఏదో తేడాగా ఉందే అనుకోవడం ఎందుకు? షాపులో రెండూ కలిసినా సరిపోదు, ఒక వెలుతురులో కలిసిన రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోవచ్చు. ఇంట్లో కూడా చూడాలి.

ఎలా చూడాలంటే, శాంపిల్ డబ్బా చిన్నది తెచ్చుకోండి. పాత గోడ మీద నేరుగా కొట్టకండి, చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. పెద్ద డ్రాయింగ్ షీటుకు రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. చాలా ఎమల్షన్లు, అంటే నీళ్లు కలిపి కొట్టే గోడ పెయింట్లు, ఆరాక కాస్త ముదురుతాయి. షీటును కిటికీ పక్కన, కిటికీ ఎదురుగా, మూలన మార్చి మార్చి అంటించండి. పొద్దున చూడండి, సాయంత్రం చూడండి, రాత్రి లైటు వేసి చూడండి. చీరను గుమ్మం దగ్గరికి తేవడమంటే ఇదే. గోడను బయటికి తేలేం కాబట్టి రంగునే గోడ దగ్గరికి తీసుకుపోవాలి.

అయ్యో, టైం దాటిపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒకే షేడ్ కోడ్ అయినా మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌లో లేతగా, మెరుపున్న ఫినిష్‌లో ముదురుగా కనిపిస్తుంది. పుట్టీ ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు జోలికి పోకండి, పక్కనుంచి వెలుతురు పడగానే ప్రతి గీతా బయటపడుతుంది. పిల్లలున్న ఇంట్లో చేతులు తగిలే చోట మాత్రం తుడవడానికి వీలైన, కాస్త మెరుపుండే శాటిన్ ఫినిష్ నయం. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నెల ఆరనివ్వండి, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చిందని తడి మీద పుట్టీ పెట్టించకండి. ఒక గదికి కావలసిన డబ్బాలన్నీ ఒకేసారి కలిపించి, పెద్ద డ్రమ్ములో పోసి కలిపాకే మొదలుపెట్టమనండి. వేరే కంపెనీలో "అదే రంగు కలిపిస్తా" అంటే ఒప్పుకోకండి. కంపెనీ, షేడ్ కోడ్, ఫినిష్, ఈ మూడూ కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించండి, రేపు మేకు ఊడిన చోట టచప్ చేయాలంటే అది కావాలి. సీలింగు, బయటి గోడలు వచ్చే వీడియోలో. ఉంటాను.