అక్కడి నీలం ఇక్కడ నలుపు: స్కీ రిసార్టుల లెక్కలు

[దృశ్యం: మంచు వాలు. పక్కన కర్రకు నీలం చతురస్రం బోర్డు.]

ఈ నీలం బోర్డు చూశారా? స్కీయింగ్ నేర్చుకున్న రెండో ఏడాది దీన్ని నమ్మే దిగాను. అంతకుముందు వేరే రిసార్టులో నీలం దారులన్నీ హాయిగా దిగేశాను కదా, ఇదీ అంతేలే అనుకున్నా. సగం దూరం కూర్చునే దిగాల్సి వచ్చింది.

బోర్డు అబద్ధం చెప్పలేదు. అమెరికా, కెనడాల్లో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. అయితే ఏ రిసార్టు గుర్తులు ఆ రిసార్టువే. తమ కొండ మీదున్న మిగతా దారులతో పోల్చి పెట్టుకుంటారు. స్కూల్లో ర్యాంకు లాంటిదన్నమాట. మీ స్కూల్లో ఫస్ట్ వచ్చిన పిల్లాడు పక్క స్కూల్లో పదోవాడు కావచ్చు.

మామూలుగా చెప్పే లెక్క ఒకటుంది. వాలు 25 శాతం లోపుంటే ఆకుపచ్చ, 40 శాతం దాటితే నలుపు. 40 శాతం అంటే వంద మీటర్లు ముందుకెళ్లేసరికి 40 మీటర్లు కిందికి దిగడం. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. పైన నిలబడి కిందికి చూస్తే కాళ్లు వణుకుతాయి. దారి ఇరుకుగా ఉన్నా, మంచును యంత్రంతో చదును చేయకపోయినా అదే వాలు ఇంకా కష్టమవుతుంది.

యూరప్‌లో నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు వస్తుంది. జపాన్‌లో సాధారణంగా ఆకుపచ్చ తర్వాత నేరుగా ఎరుపే.

[స్క్రీన్ మీద: విస్లర్ బ్లాక్‌కోమ్ – 8,171 ఎకరాలు. లె త్రువా వాలే – 600 కిలోమీటర్లు.]

ఈ రెండింట్లో ఏది పెద్దది? చెప్పలేం. కెనడాలోని విస్లర్ మన పొలాల్లాగా ఎకరాల్లో లెక్క చెబుతుంది. సరిహద్దు లోపల స్కీ చేయగలిగిన చెట్ల మధ్య జాగా కూడా అందులోకే వస్తుంది. ఫ్రాన్స్‌లోని లె త్రువా వాలే చెప్పేది తయారుచేసిన దారుల పొడవు.

పోనీ, ఆ కిలోమీటర్లైనా నిజమేనా? 2013లో క్రిస్టోఫ్ ష్రాహె అనే జర్మన్ కన్సల్టెంట్ చాలా రిసార్టుల దారులను తనే కొలిచాడు. స్విట్జర్లాండ్‌లోని కాత్ర్ వాలే 412 కిలోమీటర్లని ప్రచారం చేసుకునేది. ఆయన కొలతలో తేలింది 164. అంత తేడా ఎలా వచ్చిందయ్యా అంటే, స్కీ చేసేవాడు తిన్నగా దిగడు, వంపులు తిరుగుతూ దిగుతాడు, ఆ వంపులు కూడా కలిపాం అన్నారు. చుట్టూ తిప్పి మీటర్ చూపించే ఆటో గుర్తొచ్చింది నాకు.

ఎత్తు సంగతీ అంతే. మన గుల్‌మార్గ్‌లో గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ దాదాపు 3,980 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. కానీ అక్కడ ఉండేది ఎక్కువగా చదును చేయని మంచే. కొత్తవాళ్లకు కింద బేస్ దగ్గరి చిన్న వాలులే గతి. జపాన్‌లోని నిసెకోలో లిఫ్టు పైకొస సుమారు 1,200 మీటర్లే. అయినా పొడి మంచు కోసం ప్రపంచమంతా అక్కడికి పరిగెడుతుంది. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ తాగి వచ్చి, అక్కడ కుమ్మరిస్తుంది.

[దృశ్యం: ఫోన్‌లో మంచు రిపోర్టు. శనివారం.]

నాకు బాగా నచ్చిన కథ మాత్రం ఇది. డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు జోనథన్ జిన్‌మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ రిసార్టులు ప్రకటించే మంచు లెక్కలను, ప్రభుత్వ వాతావరణ కేంద్రాల లెక్కలతో పక్కపక్కన పెట్టి చూశారు. 2009లో వాళ్లు చెప్పిన ప్రకారం, వీకెండ్ వస్తే రిసార్టులు 23 శాతం ఎక్కువ కొత్త మంచు పడిందని చెబుతున్నాయి. మేఘాలకు మాత్రం శని, ఆదివారాలు తెలియవు కదా!

తర్వాత ఒక ఐఫోన్ యాప్‌లో కొత్త ఫీచర్ వచ్చింది. కొండ మీదున్నవాళ్లే అక్కడి మంచు ఎలా ఉందో అప్పటికప్పుడు రాయొచ్చు. దాంతో ఈ కోతలు బాగా తగ్గాయి. సిగ్నల్ బాగా అందే రిసార్టుల్లో మరీనూ.

ఇప్పుడు చాలాచోట్ల అంగుళాల గీతలున్న కర్రను మంచులో నిలబెట్టి, ఎదురుగా కెమెరా పెడుతున్నారు. టికెట్ కొనేముందు నేను తెరిచేది ఆ కెమెరానే.

[దృశ్యం: కర్ర. బోర్డు మీద "కొత్త మంచు 8 అంగుళాలు". మంచు ఐదో గీత దగ్గర.]